పరగడుపు

"తొమ్మిదింటికల్లా రక్తం ఇయ్యాలె చాచా. ఇప్పుడు పదకొండయింది," అంది నర్సు నవోమి, తలెత్తకుండానే.

"మా నారాయణపేట నుంచి మొదటి బస్సే నాలుగింటికి బేటీ," అన్నాడు గౌస్ మొహియుద్దీన్. ఈ అమీర్‌పేట ఆసుపత్రిలో కొత్త షుగర్ మాత్ర పరీక్షిస్తున్నారని, పేరు రాయించుకుంటే మందు ఊరికే ఇస్తారని విని వచ్చాడు.

"దగ్గరోళ్లనే రాసుకోమన్నడు డాక్టర్ సాబు. ఊళ్లోళ్లు మాట వినరు, పరగడుపున రారు అంటడు."

రోజూ చెప్పే మాటే. చెప్పీ చెప్పీ ఆమెకే విసుగొచ్చింది.

పొద్దున్నే రక్తమిచ్చిన, పక్కనే ఉన్న శ్రీనగర్ కాలనీ పెద్దమనిషి మాత్రల కోసం చెయ్యి చాపాడు. "అన్నట్టు సిస్టర్, పొద్దున రక్తమిచ్చేముందు ఒక్క కాఫీ తాగానండోయ్. పర్లేదుగా?"

"పర్లేదు లెండి," అంది అలవాటుగా. రిజిస్టరులో ఆయన పేరు పక్కన 'పరగడుపు' అని అప్పటికే టిక్కు పెట్టేసింది.

ఆయన వెళ్లిపోయాడు. గౌస్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడ్డాడు.

"ఎప్పుడు తిన్నవు చాచా?"

"నిన్న పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయినంక. ఏం తినకుండ పోవాలె అని మా ఊరి కాంపౌండరు చెప్పిండు. తొవ్వల చాయ్ సుత తాగలె."

నవోమి మొదటిసారి తలెత్తింది.

గౌస్ సంచిలోంచి జొన్నరొట్టెల మూట తీసి, ముడి విప్పకుండా అడిగాడు.

"అయితే ఇగ తినొచ్చునా బేటీ?"