హులి హులి చికెన్

కోడి ముక్కలు నిన్ననే నానబెట్టింది పరిమళ. అయినా పొద్దున లేచినప్పటి నుంచి మూత తీసి చూడడం ఇది అయిదోసారి.

సోయా సాస్, అల్లం, వెల్లుల్లి, అనాసపండు రసం, కాస్త బెల్లం. కారం లేదు, మసాలా లేదు. ఇదేం కోడికూరో ఆమెకే అంతుపట్టలేదు. ఫోన్లో ఎవరో చేస్తుంటే నాలుగుసార్లు చూసి, కావలసినవి కాగితం మీద రాసుకుంది. సోయా సాస్ కోసం కుందారపల్లి నుంచి హోసూరు దాకా బస్సులో పోయి వచ్చింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి ఈ రోజు సెలవు పెట్టింది.

కొడుకు తిలక్ కారు మాట్లాడుకుని బెంగళూరు విమానాశ్రయానికి పోయాడు. హవాయి దీవుల నుంచి నలానీ అనే అమ్మాయి వస్తోంది.

పక్కింటి సుధామణి గోడ మీదుగా తొంగి చూసి, ఏం వండుతున్నావని అడిగింది. హులి హులి చికెన్ అని చెప్పింది పరిమళ.

“హుళి అంటే కన్నడంలో పులుపు కదక్కా. వాసన చూస్తే తియ్యగా ఉండాదే.”

వాళ్ల భాషలో తిప్పడం అని అర్థమట, నిప్పుల మీద తిప్పి తిప్పి కాలుస్తారట అని పరిమళ వివరించింది.

సుధామణికి కావలసింది అది కాదు. ఆ పిల్ల చీర కడుతుందా, మన తిండి తింటుందా, ముహూర్తం ఎప్పుడు? వీధి వీధంతా వారం రోజులుగా ఇదే మాట. పరిమళ దేనికీ అవుననలేదు, కాదనలేదు. ముందు రానీ, ఒక ముద్ద తిననీ అంది.

మిద్దె మీద కుర్చీ జరిగిన చప్పుడైంది. పరిమళ చెయ్యి ఆగింది. ఆమె మొగుడు ఇంకా కిందికి దిగలేదు.

పదేళ్లు ఓడల్లో వంట చేసి వచ్చిన మనిషి, పేరు వేలు. ఇప్పుడు హైవే పక్కన టిఫిన్ అంగడి నడుపుతున్నాడు. ఈ రోజు అంగడి తెరవలేదు. నిన్న మధ్యాహ్నం మిద్దె ఎక్కినవాడు ఎక్కినట్టే ఉన్నాడు. కాఫీ తీసుకుపోయి పెడితే చల్లారిపోయింది.

మూడు నెలల కిందట నలానీ తనే ముందుగా తిలక్‌కు ఫోన్లో రాసింది. ఆ సంగతి బయటపడిన రోజు నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఆ పిల్లను ఇంటికి రమ్మందామని పరిమళ అన్నప్పుడు వేలు నేల చూస్తూ ఒకే మాట అన్నాడు.

“వీధిలో తల ఎత్తుకోలేము పరిమళా.”

“అయితే దించుకోనే నడుద్దాం. తల్లి చచ్చిపోయి ఒంటిగా ఉండే పిల్ల. రావద్దని నా నోటితో చెప్పలేను.”

చెప్పడమైతే చెప్పింది. అప్పటి నుంచి నిద్ర లేదు.

పెరట్లో కుంపటి రాజేసి ముక్కలు పేర్చింది. బెల్లం ఉన్నందుకు ఊరికే మాడిపోతున్నాయి. తిప్పింది, మళ్లీ తిప్పింది. ఎంతసేపు కాల్చాలో వేలును అడిగితే ఒక్క మాటలో చెప్పేవాడు. అడగలేదు. లోపల, ఈ కోడితో పాటు వాళ్లు తినే మాకరోనీ ఉడికి మరీ మెత్తబడిపోయింది. కొబ్బరిపాలతో చేసిన తీపి గడ్డకట్టనే లేదు. ఫోన్లో నలానీ ఫొటో తెరిచి, ఒక్క క్షణం చూసి మూసేసింది. అంతకంటే ఎక్కువసేపు ఆ ముఖం చూడడం ఆమెకు ఇంకా చేతకావడం లేదు.

ఒంటిగంటకు కారు ఆగింది.

ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్ల. గడప బయటే చెప్పులు విడిచి, బెదురు బెదురుగా చేతులు జోడించింది. పరిమళ ఇన్నాళ్లూ అనుకున్న మాటలన్నీ మరిచిపోయింది. “అన్నం తిందువు రామ్మా” అని మాత్రం అనగలిగింది.

అన్నం, కోడి ముక్కలు, మాకరోనీ వడ్డించింది. పిల్ల ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. పిల్ల మెల్లగా ఏదో చెప్పింది.

“వాళ్లమ్మ చేసేదానికంటే తీపి ఎక్కువంటమ్మా” అన్నాడు తిలక్. “అయినా ఆ రుచే అంట.”

వాళ్లమ్మ అన్న మాట దగ్గర పరిమళ గరిటె ఆగింది. అయినా నవ్వి, ఇంకో ముక్క వేసింది.

తినడం అయిపోయినా నలానీ లేవలేదు. ఆమె చూపు మిద్దె మెట్ల మీదికి పోతోంది, తిరిగి వస్తోంది. తిలక్ తల వంచుకున్నాడు. అదే సమయానికి సుధామణి పూలు, కుంకుమ తీసుకుని, కొత్త కోడలిని చూద్దామని ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

పరిమళ వాళ్లను చూసింది. ఇంకో ప్లేటులో అన్నం పెట్టి, పక్కన రెండు ముక్కలు వేసి, నలానీ చేతిలో ఉంచింది. గొంతు తగ్గించుకోలేదు.

“తిలకూ, నీ చెల్లెల్ని మిద్దె మిందికి పిలుచుకోని పో, మీ ఇద్దరి నాయన నిన్నటి నుంచి ఏమీ తినలేదు.”