నల్ల మిడతల గొప్ప

ఏటా తగలబడి మసిబారే ఒక కొండవాలు మీద మిడతలు దాదాపు అన్నీ నల్లగా ఉండేవి. "మేం కష్టపడి నల్లబడ్డాం. నీకే బద్ధకం," అని పెద్ద నల్లమిడత ఒక పచ్చమిడతను రోజూ దెప్పేది. పాపం, నల్లబడాలని అది మసిలో పొర్లి పొర్లి కాలు విరగ్గొట్టుకుంది.

ఎన్నో ఏళ్లుగా ఆ మిడతల్ని గమనిస్తున్న తాబేలు తాత ఇద్దరినీ బండ మీదికి పిలిచింది.

"కింద మసిలో ఎవరు కనిపిస్తున్నారు?"

"ఇద్దరు పచ్చవాళ్లు," అంది నల్లమిడత.

"గోరింకకూ పచ్చవాళ్లే కనిపించారు. వాళ్లనే తినేసింది. మొదట్లో కొద్దిమందే ఉన్న నల్లవాళ్లు మిగిలి, తమలాంటి నల్ల పిల్లల్నే కన్నారు. ఎవరూ రంగు మారలేదు."

"అయితే తప్పు నాది కాదా తాతా?" అంది పచ్చమిడత.

"కాదమ్మా."

పచ్చమిడత మెల్లగా వాగు ఒడ్డు గడ్డిలోకి వెళ్లిపోయింది. నల్లమిడత మాత్రం అక్కడే ఉండి, "కొండ మళ్లీ పచ్చబడితే?" అని అడిగింది.

"అప్పుడు గోరింకకు నీ మనవలు కనిపిస్తారు," అంది తాబేలు.