గుండె బరువెక్కే బొమ్మ

“బల్ల మీదివన్నీ ఏం చేశావమ్మా?”

కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. చీపురు పట్టుకున్న తల్లి గర్వంగా గదంతా చూపించింది.

“ఏం చేస్తాను? చెత్తబండిలో వేశాను. బూజుపట్టిన నారింజ, ఎండిపోయిన గులాబీలు, బోర్లాపడ్డ గ్లాసు! పుస్తకాల మీద వేలెడు దుమ్ము. దులిపాను. ఆగిపోయిన గడియారానికి బ్యాటరీ కూడా వేశాను. బొమ్మలేసే చదువులో శుభ్రత నేర్పరటే?”

రెండు రోజులుగా కూతురు ఫోనెత్తకపోయేసరికి, ఆవిడ చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చి, ఇంటావిడ దగ్గర తాళంచెవి తీసుకుని తలుపు తీసింది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడు దగ్గరే ఆగిపోయే మనిషి. ఆ బల్ల చూడగానే పిల్లకేదో అయిందని ప్రాణం గిలగిలలాడింది.

“నీకేమైనా కష్టమా? నాతో చెప్పవే.”

కూతురి ముఖం పాలిపోయింది. ఖాళీ బల్ల వంక చాలాసేపు చూసింది.

“అది... పరీక్ష బొమ్మమ్మా.”

“కుళ్ళిన నారింజ పరీక్షేంటే?”

“పాతకాలం చిత్రకారులు బల్ల మీద వస్తువులు సర్దుకుని వేసేవాళ్ళు. ప్రతిదానికీ ఒక అర్థం. ఎండిన పువ్వంటే అందం నిలవదని. ఆగిన గడియారమంటే కాలం మన చేతిలో లేదని. దుమ్ముపట్టిన పుస్తకమంటే చదువూ వెంట రాదని. చూసినవాళ్ళకి గుండె బరువెక్కాలి.”

“ఎక్కిందిలే తల్లీ! ఇంకా దిగలేదు.”

అన్నదే గాని ఆవిడకి తల కొట్టేసినట్టయింది. పిల్ల నెలల తరబడి పడ్డ కష్టాన్ని ఒక్క పూటలో చీపురుతో ఊడ్చేసింది!

“ఇప్పుడెలాగే?”

“పోనీలే అమ్మా. వదిలెయ్.”

ఆ మెత్తని మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

మర్నాడు పొద్దున్నే కూరగాయలకని కూతురికి చెప్పి, ఆవిడ కాలేజీకి వెళ్ళింది. గోడల నిండా చట్రాలు కట్టిన పెద్ద పెద్ద చిత్రాలు. ఒక్కదాని వంకా తలెత్తి చూడలేకపోయింది. చేతిసంచిని కడుపుకి హత్తుకుని, బొమ్మలు నేర్పే మాస్టారి ముందు నిలబడింది.

“తప్పంతా నాదండీ. చదువు లేనిదాన్ని. మా అమ్మాయి పరీక్ష కోసం సర్దుకున్నవన్నీ చెత్తనుకుని పారేశాను. దాన్ని మాత్రం ఫెయిల్ చెయ్యకండి. పదిరోజులు గడువివ్వండి. పండు కుళ్ళడానికైనా టైము కావాలి కదండీ.”

పక్కనున్న గుమాస్తా నవ్వాపుకున్నాడు. ఆవిడ చెవులు వేడెక్కాయి.

మాస్టారు మాత్రం నవ్వలేదు. పిల్ల పేరు రెండుసార్లు అడిగారు. హాజరుపట్టీ తిరగేశారు. లేచి, తన కుర్చీ ఆవిడ వైపు జరిపారు.

“మీ అమ్మాయి కాలేజీ మానేసి నాలుగు నెలలైందమ్మా.”