ధృతి కాయిన్

బారసాలనాడు బిడ్డకి పేరు పెట్టగానే, ఆ పేరుతోనే ఓ కాయిన్ మార్కెట్లోకి వదిలే రోజులవి. బిడ్డకి మార్కులొస్తే దాని రేటు పెరిగేది, జబ్బు చేస్తే పడిపోయేది.

సుభాషిణి కూతురి నుదుటిమీద చెయ్యి వేసింది. పెనంలా కాలిపోతోంది. డాక్టరుకి ఫోన్ చెయ్యబోయి ఆగిపోయింది. డాక్టరు చెయ్యి పట్టుకుంటే చాలు, కబురు క్షణంలో మార్కెట్టుకి చేరిపోతుంది.

అంతలో పక్కింటి వర్ధనమ్మ వచ్చింది.

"ఈ కాయిన్లూ గీయిన్లూ నాకేం తెలీవమ్మా. కంటికి కనపడనిదాన్ని ఎలా నమ్మడం? మీ ధృతి అయితే కళ్ళముందు పెరిగిన పిల్ల కదా. దాని కాయిన్లో నా పెన్షన్ డబ్బు పెట్టమంటావా?"

సుభాషిణి పడగ్గది తలుపు దగ్గరగా వేసింది.

"కళ్ళు మూసుకుని కొనండి పిన్నిగారూ. మీరు కాబట్టి మా దగ్గరున్న వాటా మొత్తం మీకే ఇచ్చేస్తున్నాను."

వర్ధనమ్మ తల్లినీ బిడ్డనీ చల్లగా ఉండమని దీవించి, కొనేసి వెళ్ళింది. డబ్బు చేతికందాకే సుభాషిణి డాక్టరుకి ఫోన్ చేసింది. తర్వాత తడిగుడ్డ తెచ్చి కూతురి పక్కన కూర్చుంది.

ధృతి కళ్ళు తెరిచింది. అంతా వినేసింది.

"నాకు తగ్గితే మళ్ళీ కొంటావా అమ్మా?"

సుభాషిణి గుడ్డ పిండి, మెత్తగా నుదుటిమీద పరిచింది.

"చూద్దాం బంగారం. ముందు డాక్టరుగారు ఏమంటారో విననీ."