రెండు వేళ్ల సాయం

సామ్రాజ్యం వలెనే ఛాతీ కూడా దశలవారీగానే విస్తరిస్తుంది. ఈ సత్యాన్ని లోకంలో మొదట గ్రహించినది తామేనని వ్యాకరణం మాస్టారి నమ్మకం. కండ పెంచే దశ, బలం పెంచే దశ, నడుమ ఒక విశ్రాంతి వారం, ఆపైన శిఖర దశ అంటూ పదహారు వారాల ప్రణాళిక గీసి జిమ్ గోడకు అంటించారు. చివరి రోజున బెంచి మీద పడుకుని వంద కిలోలు ఎత్తలేకపోతే మీసం తీసేస్తానని కోచ్‌తో పందెం కాశారు.

ఆ రోజు రానే వచ్చింది. ఇన్ని వారాలూ తల దగ్గర నిలబడి, బరువుల కడ్డీకి సాయంగా రెండు వేళ్లు ఆనిస్తూ వచ్చిన బావమరిది యథాస్థానం అలంకరించాడు.

"ఇవాళ నువ్వు ముట్టుకోకూడదు," అన్నాడు కోచ్.

"ముట్టుకుంటే మాత్రం ఏంటయ్యా? వాడి వేళ్లు ధైర్యానికే!" మాస్టారు మీసం మెలేసి కడ్డీని దించారు.

అది ఛాతీ మీదికి దిగి అక్కడే కాపురం పెట్టింది.

"ఒరే... ఆ రెండు వేళ్లూ..."

"వేళ్లేంటి బావా! రోజూ నడుం పట్టేసేలా లాగేవాణ్ని. మీరు మురిసిపోతుంటే చెప్పడానికి నోరు రాలేదు."

అంటూనే వంగి, వంద కిలోలనూ అలవోకగా లేపి కొక్కేల మీద పెట్టాడు. అతని చొక్కా భుజం దగ్గర పర్రున చిరిగింది.

కోచ్ ఆ భుజాన్నీ, గోడ మీది కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ప్రణాళిక బ్రహ్మాండంగా పనిచేసింది మాస్టారూ."

మాస్టారు కడసారిగా మీసాన్ని తడుముకోబోయారు. చెయ్యి గడ్డం దాకా కూడా లేవలేదు.