మంచం పట్టెలు

"మళ్లొచ్చిండు సేటూ," అన్నాడు కూలీ తిరుపతి.

మహిపాల్‌కు ఒళ్లు మండింది.

ఎల్బీనగర్‌లో, పూడ్చేసిన కుంట మీద, పట్టాభి మాస్టారు ట్యూషన్ పిల్లల కోసం రేకుల హాలు కట్టిస్తున్నారు. కాంట్రాక్టు మహిపాల్‌ది. పొద్దున హయత్‌నగర్ పని, మధ్యాహ్నం ఈ పని. ట్రాఫిక్‌లోనే సగం ప్రాణం పోతోంది. అది చాలదన్నట్టు ఈ ముసలాయన.

భుజాన ఎర్ర తువ్వాలు, ఆగని దగ్గు. రోజూ వస్తాడు. నేలలోకి దింపిన కాంక్రీటు పైళ్ల పక్కన కూర్చుంటాడు. ఒకటే పాట.

"పైళ్ల తలలు కలిపి బీములెయ్యి బిడ్డా."

"రేకుల షెడ్డు పెద్దాయనా! బరువెంతుంటది?"

"బరువు లేదనే నా భయం. గాలి పక్కకు తోస్తే గీ మెత్తటి మన్ను పట్టుకుంటదా?"

"లోతుగనే దింపినం."

"నాలుగు కోళ్లు పాతి పట్టెలెయ్యకుంటే మంచమైతదా? లోపల కూసునేది పసిపిల్లలు."

మట్టిలో పడేదాన్ని చూసేదెవరు? కాంట్రాక్టర్‌కు నాలుగు రాళ్లు మిగిలేదే అక్కడ. చాయ్ కోసమో, కమీషన్ కోసమో సతాయిస్తున్నాడనుకున్నాడు మహిపాల్. ఒకరోజు రెక్క పట్టుకుని గేటు దాటించాడు కూడా. మర్నాడు ముసలాయన మళ్లీ అక్కడే.

చివరికి మహిపాలే అలసిపోయాడు. మాట నచ్చి కాదు, పోరు పడలేక.

"ఎయ్‌రా తిరుపతీ, ఆ బీములేవో. పీడ పోతది."

బీములు పోసేదాకా కూర్చుని చూసి, ముసలాయన దులుపుకుని లేచాడు. మళ్లీ రాలేదు. హమ్మయ్య అనుకున్నాడు మహిపాల్.

ఎండలు ముదిరాక, ఓ సాయంత్రం గాలిదుమారం లేచింది. పక్క గోదాము షెడ్డు స్తంభాలతో సహా ఒరిగి కూలిందని ఫోనొచ్చింది. మహిపాల్ పడుతూ లేస్తూ వచ్చాడు.

హాలు నిలబడే ఉంది. లోపల పిల్లలు మాస్టారిని కరుచుకుని ఉన్నారు.

మహిపాల్ గుమ్మంలోనే కూలబడ్డాడు. ఏడుపొచ్చింది.

"సార్, ఎర్ర తువ్వాల పెద్దాయన ఒకడు రోజూ ఒచ్చి నాతోని బీములేయించిండు. దగ్గుతుంటడు. యాడుంటడో జర తెలుసుకోవాలె. కాళ్లు మొక్కుతా."

పట్టాభి మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చంపాపేట్ జానయ్య మేస్త్రీ అయ్యుంటాడు. మొన్ననే పెద్దకర్మ కూడా అయిపోయిందయ్యా."

"మీకెట్ల ఎరుక సార్?"

"ఈ పని ముందు ఆయనకే ఇద్దామనుకున్నాను. బీములు లేకుండా కట్టనన్నాడు. నువ్వు అక్కర్లేదన్నావని, నీకిచ్చాను."