ఫకీరప్ప చేలో పిట్ట

“కదలకుండా నిలబడితే రాదు మాస్తరూ. గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ ఉండాలి. అప్పుడప్పుడూ ఇలా చేతులు చాపాలి” అని ఫకీరప్ప చేసి చూపించాడు.

గురుసిద్దప్ప మాస్తరుకి నమ్మబుద్ధి కాలేదు. పిట్టల్ని చూడాలంటే ఊపిరి కూడా బిగబట్టాలని ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చిన మనిషాయన. కానీ ఆ పిట్టని మొదట చూసింది ఫకీరప్ప. పోయిన ఆదివారం హుబ్బళ్ళి నుంచి వచ్చి చూసి వెళ్ళినవాడు దేశపాండే.

దేశపాండే చూడటమే అసలు బాధ. ఇద్దరూ ఒకే బడిలో పనిచేసి రిటైరైనవాళ్ళు. చలికాలం వస్తే చాలు, చెరువుల వెంట పడతారు. ఒకడు చూసిన పిట్టని రెండోవాడు చూడకపోతే ఏడాది పొడుగునా మాట పడాల్సిందే. “పసుపు జుట్టు, ఎర్రతోక. కళ్ళజోడు మార్చుకుని వెళ్ళు, కనిపిస్తుంది” అని దేశపాండే ఫోన్లో అన్న దగ్గర్నుంచి మాస్తరుకి రొట్టె సయించడం లేదు.

అందుకే మొదటి బస్సుకే వచ్చి దిగాడు. చెరువు నిండా బాతులున్నా అటు చూడలేదు. తిన్నగా ఫకీరప్ప శనగచేలోకి వచ్చి, నడుమ పాతిన గుంజకి కట్టి ఉన్న అడ్డకర్రకి సంచీ తగిలించి, దుర్భిణి మెళ్ళో వేసుకున్నాడు.

ఫకీరప్ప ఆయన మట్టిరంగు చొక్కా చూసి పెదవి విరిచాడు. ఈ పిట్టకి ఎరుపంటే ఇష్టమట. అతని పెళ్ళాం నీలవ్వ గుడిసెలోంచి ఒక ఎర్రచొక్కా తెచ్చి ఇచ్చింది. వెలిసిపోయింది, చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. ఎవరిదమ్మా అని అడిగితే, పాతదే మాస్తరూ, ఎప్పుడూ పొలంలోనే ఉంటుంది అంది. తొడుక్కుంటే మెడ దగ్గర గడ్డిపరకలు గుచ్చుకున్నాయి. పొలంలో పనిచేసేవాళ్ళ చొక్కా అంటే అంతే అనుకున్నాడు మాస్తరు.

ఎండ ఎక్కేసరికి చెరువు మీది నుంచి బాతులు బారులు తీరి లేచాయి. తలమీద నల్లచారలున్న పెద్ద బాతులు. ఫకీరప్ప చేను మీద ఒక చుట్టు చుట్టి, చేతులు చాపుకుని గట్టు మీద నడుస్తున్న మాస్తరుని చూసి, రెక్క తిప్పుకుని పక్కనున్న సంగప్ప చేలో వాలాయి. అక్కడ తెల్లచొక్కా వేసిన దిష్టిబొమ్మ ఉంది. దాని కాళ్ళ దగ్గరే లేత శనగ తీరిగ్గా మేస్తున్నాయి.

మాస్తరు నవ్వాడు. “ఆ బొమ్మని చూసి భయపడేదెవరయ్యా?”

“కదలని దానికి ఎవరు భయపడతారు మాస్తరూ? పటాసులు కాలుద్దామంటే ఫారెస్టు వాళ్ళు ఊరుకోరు. పాపం సంగప్ప” అన్నాడు ఫకీరప్ప. గొంతులో పాపం పెద్దగా లేదు.

మధ్యాహ్నం నీలవ్వ గట్టు మీదికే జొన్నరొట్టె, గుత్తివంకాయ తెచ్చి కొసరి కొసరి పెట్టింది. తిని కాస్త నడుం వాల్చబోతే, అదిగో ఆ మూల ఏదో ఎగిరింది అన్నాడు ఫకీరప్ప. మాస్తరు పరుగెత్తాడు. అక్కడ తీతువు ఉంది. తిరిగొచ్చి కూర్చుంటే, ఇదిగో ఈ మూల అన్నాడు. అక్కడ కాకి ఉంది. సాయంత్రానికి మోకాళ్ళు పట్టేశాయి. పసుపు జుట్టూ లేదు, ఎర్రతోకా లేదు.

పొద్దు వాలుతుండగా దేశపాండే ఫోన్ చేశాడు. “ఏమయ్యా, కనిపించిందా? కళ్ళజోడు మార్చావా?”

మాస్తరు ఖాళీ చేను వంక ఒకసారి చూశాడు. పక్కనే ఫకీరప్ప నిలబడి ఉన్నాడు.

“చూశాను. బాగా దగ్గర్నుంచి చూశాను. జుట్టు పసుపు కాదు, నారింజ. నువ్వు సరిగ్గా చూసినట్టు లేదు.”

“అవునవును, నారింజే” అన్నాడు దేశపాండే. ఎందుకైనా మంచిది, రేపొచ్చి ఇంకోసారి చూస్తానని కూడా అన్నాడు.

ఫకీరప్ప తెల్లబోయి చూశాడు. “కనిపించిందా మాస్తరూ?”

“కనిపించింది” అన్నాడు మాస్తరు, చెరువు వైపు తిరిగి. ఫకీరప్ప చాలా మర్యాదగా తల ఊపి, రేపు దేశపాండే సారు కూడా వస్తే సంతోషమన్నాడు.

ఎర్రచొక్కా విప్పి నీలవ్వ చేతికిచ్చి మాస్తరు బస్సుకి బయలుదేరాడు. ఒళ్ళు నొప్పులున్నా నడకలో హుషారు వచ్చింది. ఇక ఏడాదంతా మాట పడక్కర్లేదు. రోడ్డు దాకా వెళ్ళాక సంచీ గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. జొన్నచొప్ప వామి చాటుకి వచ్చేసరికి అవతల మాటలు వినబడ్డాయి. నీలవ్వ చేను నడుమ నిలబడి ఉంది. ఒక చేతిలో ఆయన సంచీ, ఇంకో చేతిలో ఎర్రచొక్కా. ఎదురుగా ఉత్త అడ్డకర్ర. చొక్కా ఏం చెయ్యమంటారు అని మొగుణ్ణి అడుగుతోంది.

“దిష్టిబొమ్మకి ఇప్పుడే తొడగకు, రేపు దేశపాండే సారు వస్తున్నాడుగా.”